అతడు ఆపేదాకా అదే దెబ్బ

పాండురంగా, భక్తుడు తల్లిదండ్రుల సేవ ముగించుకుని వచ్చేదాకా ఇటుక మీద నిలబడి కాచుకున్న స్వామీ, నీకు జయం. ఎదురుచూడటం కూడా ప్రేమేనని మాకు చూపించినవాడివి నువ్వే. నీ నామం తలచుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బొమ్మనహళ్ళిలో మా మేడ మీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు మా అమ్మాయి కంప్యూటర్లో కొట్లాట ఆట ఆడుతుంది. గార్మెంట్ ఫ్యాక్టరీలో ఉద్యోగం తనకి. వారమంతా చొక్కాల కత్తిరింపు గీతలు గీస్తుంది. నేను శనివారం భజన మండలి మనిషిని. ఇద్దరు తన్నుకోవడంలో ఏం రుచి ఉంటుందో తెలియక చాలాకాలం ఆ గదిలోకి పోలేదు. ఒకరోజు కాఫీ ఇవ్వడానికి వెళ్తే తెర మీద కొట్లాటే లేదు. ఒక చక్రం తిరుగుతోంది, అంతే. కాఫీ తాగడం అయిపోయినా అది తిరుగుతూనే ఉంది.

"ఏమ్మా, చెడిపోయిందా?"

"లేదప్పా. నాతో ఆడే మనిషి కోసం వెతుకుతా ఉండాది."

"ఊరంతా జనమే గదా, ఒక్కరూ దొరకలేదా?"

"ఈ ఆట పాతదైపోయె. అందరూ కొత్త ఆటలకు పోయినారు."

ఇదేమిటో తెలుసుకోవాలనిపించి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అడిగిన కొద్దీ చెప్పింది. ఆడేవాళ్ళు ఎక్కువ ఉంటే దగ్గరి ఊళ్ళలోనే సమానమైన జోడీ దొరుకుతుందట. తక్కువైతే ఎక్కడో దూరదేశపు మనిషితో కలుపుతుంది. అప్పుడు ఇక్కడ గుద్దు నొక్కితే అక్కడ ఆలస్యంగా తగులుతుంది. లేదంటే నిన్న ఆట కొన్న మనిషిని తెచ్చి ఆరేళ్ళుగా ఆడుతున్న మా అమ్మాయి ముందు నిలబెడుతుంది. అతడు వరసగా ఓడి, విసిగి, మళ్ళీ రాడు. జనం ఇంకా తగ్గుతారు. చివరికి తనతో కలిపి ఏడుగురు పాతవాళ్ళ జట్టు మిగిలింది. ఈ నెలాఖరులోగా కొత్తవాళ్ళు ఒక్కరైనా నిలవకపోతే ఆట మానేసి తలో దారిన పోదామని వాళ్ళు తీర్మానించుకున్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు తను నా వైపు చూడలేదు.

మా మండలిలోనూ ఒకప్పుడు నలుగురమే మిగిలాం. కాబట్టి మందు నాకు తెలుసనుకున్నాను.

"కొత్తగా వచ్చినవాళ్ళ చేతికి మేం ముందు భజన తాళాలిస్తాం. పెద్దవాళ్ళం వెనక్కి జరుగుతాం. నువ్వూ కొత్తవాళ్ళని రెండాటలు గెలవనీమ్మా" అన్నాను.

ఆ వారమే ఆనేకల్ నుంచి కొత్తగా ఆట కొన్న ఒకతను దొరికాడు. మరమగ్గాల షెడ్డులో పని. మైకులో మాట్లాడుతూ ఆడుతున్నాడు. మా అమ్మాయి మొదటి ఆట ఓడింది. రెండోదీ ఓడింది. మూడో ఆట మధ్యలో అతడు చెయ్యి ఆపేశాడు.

"అక్కా, మగ్గం కాడ ఉండేటోణ్ణి నేను. యాడ దారం తెగినా చూడకనే తెలుస్తాది నాకు. నువ్వు కావాలనే ఓడిపోతా ఉండావు. నన్నేమన్నా పసిబిడ్డ అనుకుంటివా?"

వెళ్ళిపోయాడు. మా అమ్మాయి నా వైపు తిరిగింది.

"నీ మాట విని, వచ్చిన ఒక్కణ్ణీ పోగొట్టుకుంటినప్పా! పో, నీ తాళాలు నువ్వే కొట్టుకో పో!"

శనివారం భజనలో నా మనసు పాట మీద లేదు. కొత్తగా చేరిన ఒక పెద్దావిడ ఒక చరణం దగ్గర తప్పుతోంది. పాట చెప్పే మా పెద్దాయన ఏం చేస్తారా అని ఆరోజే మొదటిసారి గమనించి చూశాను. ఆయన ఆమె కోసం తప్పుగా పాడలేదు, గొంతూ తగ్గించలేదు. తర్వాతి చరణానికి పోకుండా ఆ ఒక్కదాన్నే మళ్ళీ మళ్ళీ పాడారు, ఆమె అందుకునేదాకా. తొమ్మిది విధాల భక్తిలో వినడమే మొదటిదని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ చాప మీద కూర్చుని నేను విన్నది మాత్రం ఇదీ!

ఇంటికి రాగానే చూసింది చూసినట్టు చెప్పాను. మా అమ్మాయి ఫోన్ తీసి ఆనేకల్ అతనికి తప్పయిందని రాసింది. మర్నాడు అతడు వచ్చాడు.

"ఈసారి వదలను. ఒకే దెబ్బ కొడతా, నువ్వు ఆపేదాకా అదే కొడతా" అంది.

"కొట్టక్కా, చూస్తాం."

కింద నుంచి కాలు తిప్పే దెబ్బ అది. అతడి బొమ్మ పడింది, లేచింది, మళ్ళీ పడింది. "అయ్యో నా నడుమూ!" అని అతడు అక్కడ మొత్తుకుంటుంటే మా అమ్మాయి ఇక్కడ నవ్వు ఆపుకోలేకపోతోంది. ఎన్నోసారో తెలియదు, ఆ బొమ్మ వంగి చేతులడ్డం పెట్టింది. పడలేదు.

"ఆపినా! అక్కా, ఆపినా చూడు!"

"చూస్తిని. ఇంకోటి వస్తా ఉండాది, కాచుకో."

నిన్న ఈ నెల చివరి ఆదివారం. మా అమ్మాయి కంప్యూటర్ తెరిచేసరికి జట్టు పేర్ల అడుగున ఎనిమిదో పేరు వెలుగుతోంది. అతడే ముందొచ్చి తన కోసం కాచుకుని ఉన్నాడు. ఆట మానేసే మాట ఎవరూ ఎత్తలేదు.

చదువుతున్న మీరూ నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి. స్వామీ, తిరిగే చక్రం ముందు ఒంటరిగా కూర్చున్నవారికి ఒక తోడును పంపు. వచ్చినవారు అందుకునేదాకా మళ్ళీ మళ్ళీ పాడే ఓపిక మాకివ్వు. విఠలా, విఠలా.