తల లేని కోడలుపిల్ల కోసం చేసిన బాయ్‌కాట్

"ఆ యాప్ మానేస్తే, పాపకి ఒళ్ళంతా దద్దులొచ్చినప్పుడు నేనెవర్ని అడగాలి పిన్నీ?"

పిన్ని కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు. "ఒళ్ళు నీ ఎదురుగా ఉందిగా, చూడు," అంది, పళ్ళ మధ్య గుండుసూదులు తియ్యకుండానే. ఆ సూదుల్ని చూసి నాకు ఇంకో భయం పట్టుకుంది. నేను రసాయనశాస్త్రం చదువుకున్నాను. అందుకని నా భయాలు మిగతా తల్లుల భయాలకన్నా ఎక్కువ, పైగా పద్ధతిగా ఉంటాయి.

పిన్ని దర్జీ. మా మేడ కింద, సందు చివరి గదిలో ఆమె కొట్టు. దారిన పోయేవాళ్ళకి అది కనబడదు. కొత్త బేరాలన్నీ ఆ పెద్ద యాప్‌లో ఆమె పేజీ చూసి రావాల్సిందే. బట్టలు తొడిగి చూసుకోవడానికి కొట్లో తల లేని బొమ్మ ఒకటుంది. దాన్ని "కోడలుపిల్ల" అంటుంది. ఎదురు మాట్లాడదు, నిలబెట్టిన చోటే నిలబడుతుందని మురిపెం.

ఒకరోజు కోడలుపిల్లను బట్టల్లేకుండా ఫొటో తీసి, "రేపు కొత్త గౌను" అని పెట్టింది. కంపెనీ దాన్ని నగ్న చిత్రమని తేల్చి పేజీ మూసేసింది.

"తలే లేనిదానికి సిగ్గేంటే!" పిన్ని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా కంపెనీ యంత్రం ఒకే జవాబిచ్చింది. కొత్తవాళ్ళు రావడం ఆగిపోయింది. మిషను చప్పుడు కూడా తగ్గింది. అప్పుడు ప్రకటించింది బాయ్‌కాట్.

పక్క కొట్టు జిరాక్సు బాబాయి నవ్వాడు. "చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేశాడట ఒకడు. చెరువుకేం పోయింది చెల్లెమ్మా? కంపు కొట్టింది వాడే."

"అందరం అలిగితే చెరువుకీ తెలుస్తుందిలే అన్నయ్యా."

పాత ఖాతాదార్లు, సందులోవాళ్ళు అందరూ సరేనన్నారు. కానీ కుట్టు వేశాక లాగి చూడనిదే పిన్ని దేన్నీ నమ్మదు. "మానేశామంటే చాలదు. మానేసినట్టు రోజూ చెప్పాలి," అంది. చెప్పడానికి ఒక గ్రూపు పెట్టింది. ఎక్కడ? అందరూ ఉన్నచోటే, ఆ యాప్‌లోనే.

ఇక రోజూ అందరూ యాప్ తెరిచి "ఈరోజు నేను రాలేదు" అని రాసి వెళ్ళేవాళ్ళు. "నేనూ రాలేదు, మా అత్తగారూ రాలేదు," అని ఒకావిడ. పొద్దున రాలేదని, మళ్ళీ సాయంత్రం కూడా రాలేదని జిరాక్సు బాబాయి. రానివాళ్ళు పెరుగుతున్నారని నేను గ్రాఫు గీసి పెట్టాను. దానికి బోలెడు లైకులు. పనిలో పనిగా పాప దద్దుల గురించి కూడా అడిగేశాను. రానివాళ్ళు ముగ్గురు సలహాలిచ్చారు.

ఆ వారాంతానికి కంపెనీ నుంచి సందేశం, చుట్టూ ఎగిరే పువ్వులతో: "అభినందనలు! మీ ప్రాంతంలో అత్యంత చురుకైన గ్రూపు మీదే!" దాని కిందే ఒక ప్రకటన. దర్జీ బొమ్మలు, తగ్గింపు ధరకు. ఒంటి మీద నూలుపోగు లేదు.

పిన్ని నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. "ఏమే, మనం అలిగి వెళ్ళి వాళ్ళ సోఫాలోనే కూర్చున్నామా?"

"కాఫీ కూడా తాగాం పిన్నీ," అన్నాను.

గ్రూపు అప్పటికప్పుడే మూసేసింది. కోడలుపిల్లకు పసుప్పచ్చ గౌను తొడిగి, చంకనెత్తుకుని వెళ్ళి సందు మొదట్లో నిలబెట్టింది. మెడ దగ్గర అట్టముక్క: "అక్కడ నన్ను గెంటేశారు. కొలతలకు సందు చివరికి రండి." జనం ఆగారు, నవ్వారు, లోపలికొచ్చారు. మిషను మళ్ళీ గడగడలాడింది. కొందరు ఫొటోలు తీసి ఆ యాప్‌లోనే పెట్టారు.

"మళ్ళీ లాభం వాళ్ళకే. అసలు కంపెనీకి చీమ కుట్టినట్టయినా ఉందంటావా?" అన్నాను.

"ఉండదే. మనం తప్ప వాళ్ళకి దిక్కులేదా ఏంటి? నాకు బేరం వచ్చింది, చాలు. నువ్వు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. కోపమొచ్చినా, భయమేసినా, ముందు వాళ్ళింట్లోంచి లేచి వచ్చెయ్."

ఇప్పుడు అదే చేస్తున్నాను. పాప ఒంటి మీద ఎర్రగా కనబడితే ఫోను బొత్తాల డబ్బాలో పడేసి, మూత బిగించి, పాపను వెలుతురులోకి ఎత్తుకొస్తాను. మొన్నటి దద్దులు, పిన్ని బట్టల మీద గుర్తులు పెట్టే ఎర్ర సుద్దముక్క గీతలు. తడిగుడ్డతో తుడిస్తే పోయాయి.