మా బడి మీద అడిగిన ప్రశ్న

జైనూర్‌లో జీపెక్కి, అది దించిన చోటి నుంచి అరగంట నడిస్తే మా బడి వస్తుంది. బడి అన్నాను గాని మూడు పక్కల తడికలు, పైన రేకులు, అంతే. అసలు భవనం ఒక వానాకాలంలో సగం కూలింది. ఆదివారం కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి నేను, నా ఇరవై ముగ్గురు పిల్లలు ఆ రేకుల కిందే. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ నేనొక్కదాన్నే టీచర్ని. వాన పడితే రేకుల మోతకు నా పాఠం నాకే వినపడేది కాదు. మాది కరీంనగర్. ఇక్కడికి పోస్టింగ్ వచ్చిన కొత్తలో బస్సులోనే ఏడ్చాను. మూడో ఏడు వచ్చేసరికి మాత్రం, నా పిల్లలను ఎవరైనా ఒక మాట అంటే మీది మీదికి పోయేదాన్ని. నాకు కోపం కొంచెం ఎక్కువే.

ఆ కోపంతోనే ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాను. భవనం కోసం పెట్టిన దరఖాస్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాతోపాటు గూడెం పటేల్, మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క వచ్చారు. అక్క బిడ్డ మా దగ్గరే రెండో తరగతి. రేకులు కూడా ఎగిరిపోయి బడి మూతపడితే చిన్న పిల్లలను సైతం దూరంగా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేయాల్సి వస్తుందని అక్క భయం. గూడెంలో తల్లులందరి భయమూ అదే.

ఎమ్మెల్యే మా మాట చివరిదాకా విన్నాడు. అది నాకు ఆశ్చర్యమే.

"దరఖాస్తులు పట్టుకొని తిరుగుడంటే చెప్పులరుగుడే," అన్నాడు. "అసెంబ్లీల రాతపూర్వక ప్రశ్న ఏస్త. మంత్రి జవాబియ్యక తప్పదు. ఒక్కసారి రాతల పడ్డదంటే ఇగ ఎవ్వరు తప్పించుకోలేరు."

ఆయన పీఏ ఒక తెల్ల కాగితం నా ముందుకు జరిపాడు. "మీరే రాయుండ్రి మేడం, మీకైతే అన్ని ఎరుక. మీ పేరు యాడ రాదు." ప్రశ్న మూడు ముక్కలుగా ఉండాలని, మొదటి ముక్కకు ఔనని వస్తేనే మిగతా రెంటికీ బతుకని అతనే చెప్పాడు. కూర్చుని రాశాను. ఫలానా గూడెం బడికి భవనం లేని మాట నిజమేనా? నిజమైతే ఎప్పటిలోగా కడతారు? అప్పటిదాకా పిల్లల కోసం ఏం ఏర్పాటు చేస్తున్నారు? రెండుసార్లు కొట్టేసి మూడోసారి శుభ్రంగా తిరగరాశాను. నేను రాసిన మాటలు మంత్రిగారి బల్ల మీదికి పోతాయన్న గర్వంతో ఆ సాయంత్రం జీపులో నాకు కూర్చున్న చోటు తెలియలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మా ఆడబిడ్డ కొడుకు పుట్టువెంట్రుకలకు ధర్మపురి వెళ్లాం. గోదారి ఒడ్డున పిల్లవాడు మేనమామ ఒళ్లో, అంటే మా ఆయన ఒళ్లో కూర్చుని, మంగలి కత్తి చూసి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మా టీచర్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. అత్యవసరం, అసెంబ్లీ ప్రశ్న, గంటలోపు ఈ లింకులో బడి వివరాలు నింపాలి, నింపనివారికి మెమో.

ఇలాంటివి వారానికి రెండు వచ్చేవి. అందరం చేసే పని ఒక్కటే. ఏ గడి ఖాళీగా వదిలినా ఫారం ముందుకు పోదు కాబట్టి, ముందు సున్నాలు కొట్టి పంపేసి, లింకు మామూలుగా రెండు మూడు రోజులు తెరిచే ఉండేది గనుక తర్వాత తీరిగ్గా సరిచేసుకునేవాళ్లం. పంపనివాళ్ల జాబితాలో పేరు లేకుంటే ఆ పూట గండం గడిచినట్టే. నన్ను నిద్రలో లేపి అడిగినా పిల్లలు ఇరవై ముగ్గురని చెప్తాను. కాని ఆ ఫారం మొత్తం ఎందరని అడగలేదు. తరగతివారీగా ఎందరు, అందులో బాలురెందరు, బాలికలెందరు, ఆధార్ ఉన్నవారెందరు, లేనివారెందరు అని ముక్కలు ముక్కలుగా అడిగింది. రిజిస్టరేమో రేకుల షెడ్డులో ట్రంకు పెట్టెలో ఉంది. ఆడబిడ్డ అక్షింతలు వేయమని పిలుస్తోంది. వరసగా సున్నాలు కొట్టాను. గదులు ఎన్ని అన్న దగ్గరా సున్నాయే. ఆ ఒక్కటే నిజం. అసెంబ్లీ ప్రశ్న అన్న మాట చూసి కూడా, అది నేను రాసిన ప్రశ్నే కావచ్చునన్న ఆలోచన నా మట్టిబుర్రకు తట్టలేదు.

సోమవారం రిజిస్టరు తీసుకుని, సిగ్నల్ అందే గుట్ట ఎక్కి లింకు తెరిస్తే అది మూసి ఉంది. చుట్టుపక్కల చిన్న బడులన్నిటినీ చూసుకునే పెద్ద బడి హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. "ఏం ఫికర్ చెయ్యకమ్మా," అన్నాడాయన. "పాత లెక్కలు వాళ్ల తాన ఉంటయి గదా." నమ్మాను. నమ్మితే నాకు పని తగ్గుతుంది కాబట్టి నమ్మాను.

జవాబు వచ్చిన రోజు నేను జైనూర్ అంగడిలో పిల్లలకు గుడ్లు కొంటున్నాను. పీఏ నా ఫోనుకు కాగితం ఫొటో పంపాడు. ట్రే పక్కన పెట్టి అక్కడే చదివాను. మొదటి ముక్కకు, నిజమేనండి, అని ఉంది. ఒక్క క్షణం ఒళ్లు పులకరించింది. రెండో ముక్క దగ్గర, సదరు పాఠశాలలో విద్యార్థులు ఎవరూ లేనందున ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు, అని ఉంది. మూడోదానికీ అదే, ఉత్పన్నం కాదు.

విద్యార్థులు ఎవరూ లేరు. మళ్లీ చదివాను. ఎవరో కిట్టనివాళ్లు చేశారనుకుని ముందు నోటికొచ్చినట్టు తిట్టాను, అంగడిలోనే, పైకే. ఫొటోలో రెండో కాగితం కూడా ఉంది. బడి పేరు, దాని పక్కన వరసగా గడులు, వాటి నిండా సున్నాలు. ఆ వరసను నేను గుర్తుపట్టాను. దుకాణం అరుగు మీద కూలబడ్డాను. దుకాణపాయన మంచినీళ్లిచ్చి, "ఏమైంది మేడం, ఇంట్ల ఎవరికన్న బాగలేదా?" అని అడిగాడు. నీళ్లు తాగి ఫోను సంచిలో పడేశాను.

వారం తిరగకముందే ఉత్తర్వు వచ్చింది. పిల్లలు లేని బడికి టీచరెందుకని నన్ను మండల కేంద్రంలోని బడికి మార్చారు. రోడ్డు మీదే బడి, ఫ్యాన్లు, నలుగురు టీచర్లు. చేరిన రోజే స్టాఫ్ రూంలో ఒకాయన నవ్వుతూ, "పార్టీ ఎప్పుడు మేడం? జబర్దస్త్ ప్లానేసిండ్రు!" అన్నాడు. అర్థం కాలేదన్నాను. "సున్నాలు కొట్టి రోడ్డు మీదికొచ్చిండ్రు గదా. మాకు గా ఉపాయం తట్టకపాయె." పక్కనున్నవాళ్లు కూడా మెచ్చుకుంటున్నట్టే చూశారు. నేను చేసింది తప్పని ఎవరైనా తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. తెలివి అన్నారు. బాత్రూంలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఎమ్మెల్యే ఆఫీసుకు పోయి ఉన్నదంతా చెప్పాను. పీఏ తల పట్టుకున్నాడు. "సభల పెట్టిన జవాబు మేడం అది. తప్పని చెప్పాలంటే మల్ల మంత్రిగారే చెప్పాలె. ఒక్క గూడెం బడి కోసం గా మాట ఎవరు అడుగుతరు?"

ఎమ్మెల్యే నన్ను ఎగాదిగా చూశాడు. "ప్రశ్న నువ్వే రాస్తివి. జవాబు గూడ నువ్వే ఇస్తివి. నడుమ నేను, మంత్రి ఎందుకమ్మా?" అన్నాడు. నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. తర్వాత గొంతు తగ్గించి, "తప్పు నాదేనని రాసియ్యి. ఆఫీసర్ను పంపి లెక్క వెట్టిస్త. పిల్లలు కండ్ల వడ్డరంటే ఇంకో ప్రశ్న ఏస్త," అన్నాడు.

రాసిచ్చాను. దానికి మెమో వస్తుందని తెలుసు, వచ్చింది కూడా. కాని చేయాల్సిన ఇంకో పని చేయలేదు. గూడేనికి పోయి, అక్క ముందు నిలబడి, ఇలా జరిగింది, కొన్నాళ్లు ఓపిక పట్టండి అని చెప్పలేదు. జీపువాళ్లెవరి చేతనైనా కబురు పంపవచ్చు, అదీ పంపలేదు. ఏ మొహం పెట్టుకుని పోను? ఆఫీసర్ను వెంటబెట్టుకునే పోదాం, పిల్లలను వరసలో నిలబెట్టి చూపిద్దాం, అప్పుడైతే తలెత్తుకుని మాట్లాడవచ్చు అనుకున్నాను. ఆఫీసర్ రావడానికి ఇరవై రోజులు పట్టింది.

మేం పోయేసరికి పొద్దున పదవుతోంది. షెడ్డులో ఒక్క పిల్లా లేదు. నల్లబల్ల మీద నేను ఆఖరి రోజు రాసిన ఏడో ఎక్కం అలాగే ఉంది. ఆఫీసర్ మంచివాడే, షెడ్డు వెనక్కి కూడా వెళ్లి చూసొచ్చాడు. ఇంతలో అక్క వచ్చింది.

"పిల్లలేరక్కా?" అన్నాను.

"హాస్టలుకు పోయిండ్రు మేడం. మీరొస్తరని వారం దినాలు సూసినం. సర్కారు కాయితంల పిల్లలే లేరని రాసిండ్రట, ఇగ మేడం రాదు, బడి లేదు అని అందరు అనవట్టిరి. పటేల్ పోయి ఆశ్రమ బడోళ్లతోని మాట్లాడిండు. మొన్న సోమవారం ఆటోలల్ల ఎక్కిచ్చి పంపినం."

"నీ బిడ్డ?"

"అది గూడ పోయింది. ఆటో కదిలిందాక నా కొంగు ఇడువలే."

సోమవారం. మేం వెళ్లింది గురువారం. మూడు రోజులు. ఆఫీసర్ పెన్ను తీసి, నా వైపు చూడకుండా, "నేను సూసిందే రాయాలె గదా మేడం," అన్నాడు. రాశాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఈసారి కాగితం నిజమే చెబుతోంది.

"అక్కా, పిల్లలు లేరని రాసింది నేనే," అన్నాను. ఆఫీసర్ జీపు దారి పట్టాకే ఆ మాట చెప్పాను.

"మీరా?" అంది. నేను హాస్యమాడుతున్నాననుకుని ముందు నవ్వింది. తర్వాత నా మొహంలోకి చూసింది. "ఎందుకు మేడం?"

గోదారి ఒడ్డు, మేనల్లుడు, గంట టైము, ముందుకు పోని ఫారం, ఇవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ పైకి చెప్పదగిందిగా అనిపించలేదు. తల దించుకున్నాను. తిడుతుందని చూశాను. తిట్టలేదు. తడికను పట్టుకుని అడిగింది.

"మేడం, దానికి ఇంక నిద్రల పక్క తడిపే అలవాటు పోలే. ఆడ ఎవలకు ఎరుక లేదు. కొడ్తరేమో. మీరు సదువుకున్నోళ్లు, మీ మాట ఇంటరు. కొట్టద్దని హాస్టల్ మేడంకు ఒక చీటీ రాసియ్యరా?"

నా సంచిలోంచి కాగితం తీసి, ట్రంకు పెట్టె మీద పెట్టి రాశాను. వార్డెన్ గారికి నమస్కారాలు, చిన్న పిల్ల, మొదటిసారి తల్లిని వదిలి వచ్చింది, పక్క తడుపుతుంది, భయపెడితే ఇంకా ఎక్కువవుతుంది, దయచేసి కొట్టకండి, పడుకునే ముందు ఒకసారి బయటికి తీసుకుపొండి. చేతనైనంత వివరంగా, ఏదీ వదలకుండా రాశాననుకున్నాను. అక్కకు చదువు రాదు. చదివి వినిపించమంది. వినిపించాను. ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను.

"అంత మంచిగనే ఉన్నది మేడం," అంది అక్క. "మరి దాని పేరు యాడ రాసిండ్రు?"

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా రాయలేదు.