ఎడమ వరుస పొట్టేళ్లు

1985 ఏప్రిల్‌లో ఒక సోమవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, నాలుగో నంబరు పొట్టేలును త్రాసు మీద నిలబెట్టాం. అది పదిహేను రోజులకు ఒకసారి చేసే పని. మేత, నీళ్లు పెట్టకముందే తూచాలి. కడుపులో నీళ్లుంటే బరువు అబద్ధం చెబుతుంది. మేత వేసే మారెక్క పొట్టేలు మెడ పట్టుకుంది. నేను ముల్లు చూసి రిజిస్టర్లో రాశాను. రాశాక మళ్లీ చూశాను. నాలుగు బరువు తగ్గలేదు. కొంచెం పెరిగింది కూడా.

అది పెరగడానికి వీల్లేదు.

అప్పటికి నేను పశువైద్యుడిగా ఆరేళ్లు పనిచేసి, ఎం.వి.ఎస్సీ. చదవడానికి రెండేళ్ల సెలవు మీద వచ్చాను. విషయం పశు పోషణ. జీవాల మీద మేత పరీక్ష పెట్టింది అనంతపురం నుంచి శింగనమల పోయే దారిలో ఉన్న ఒక చిన్న పరిశోధనా క్షేత్రంలో. రేకుల షెడ్డు, మేత గది, ఒక బావి, అంతే. వానలు సరిగా పడని ఏడాది. జీవాలకు కొర్రగడ్డి తప్ప వేరే మేత దొరకడం లేదు. ఆ గడ్డిలో పీచే కాని బలం లేదు. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, పాలిథిన్ పట్టా కింద మూడు వారాలు మాగబెడితే గడ్డి మెత్తబడి, కొంత మాంసకృత్తు విలువ వస్తుంది. ఆ రోజుల్లో మా రంగంలో అందరూ దాని మీదే పని చేస్తున్నారు. నా థీసిస్ కూడా అదే.

పన్నెండు పొట్టేళ్లు. కుడి వరుసలో ఆరింటికి యూరియా గడ్డి. ఎడమ వరుసలో ఆరింటికి ఒట్టి కొర్రగడ్డి, కొంచెం ఖనిజ లవణాల పొడి. ఈ ఎడమ వరుసను మేము కంట్రోల్ గ్రూపు అంటాం. ఏ మార్పూ చేయని గుంపు. మార్పు చేసినవాటిని దీనితో పోల్చి చూస్తాం. ఒట్టి గడ్డి మీద జీవం చిక్కిపోతుందని ముందే తెలుసు. ఎంత చిక్కుతుందో కొలవడమే పని.

మధ్యలో ఒక వారం పొట్టేళ్ల వెనక కాన్వాసు సంచులు కట్టి, పేడ మొత్తం పట్టి తూచేవాళ్లం. తిన్నదాంట్లో ఎంత అరిగిందో లెక్క తేలేది అలాగే. దారిన పోయే కూలీ ఆడవాళ్లు ఆగి చూసేవాళ్లు. "యేమే మారెక్కా, పొట్టేళ్లకు లంగోటీలు కట్టినారా మీ డాక్టర్లు?" అని అడిగేవాళ్లు. "ఊ, మీ ఇంట్లో వాళ్లకూ కావాల్నంటే చెప్పండే, కుట్టిస్తా" అనేది మారెక్క, తల ఎత్తకుండా.

మారెక్కకు నలభై దాటి ఉంటాయి. కంబదూరు పక్క గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టింది. భర్త బెంగళూరులో మట్టి పనికి పోయాడు. క్షేత్రంలో ఆమె దినకూలీ. ఆ ఏడాది కొందరు కూలీలను పర్మనెంట్ చేసే జాబితా తయారవుతోంది. అందులో ఆమె పేరు ఉంది. ఫారం మేనేజరు గట్టి మనిషి. ఎద్దులకు ఒక తట్ట తవుడు ఎక్కువ పెట్టాడని అంతకుముందే ఒకతన్ని మాన్పించాడు.

ఆ సోమవారం ఎడమ వరుసలో మిగతా ఐదూ అనుకున్నట్టే తగ్గాయి. త్రాసును రాళ్లతో పరీక్షించాను. సరిగ్గానే ఉంది. చెవి నంబరు చూశాను. నాలుగే. దాని తొట్టి దగ్గరికి పోయాను. మిగతా తొట్లలో గడ్డి కాడలు మిగిలి ఉన్నాయి. దీని తొట్టిలో ఏమీ లేదు. తొట్టి పలకల సందులో మాత్రం సన్నటి పచ్చ ఈనె ఒకటి ఇరుక్కుని ఉంది. దానికి రెండు మూడు చిన్న ఆకులు. అవిశ ఆకు.

మారెక్క షెడ్డు ఊడుస్తోంది.

"మారెక్కా, నాలుగుకు ఏమన్నా పెడతాండావా?"

చీపురు ఆగలేదు. "పెడతాండా."

"ఏం పెడతాండావు?"

"అవిశాకు. పొద్దున రెండు పిడికిళ్లు. తమలపాకు తోట మీదనే కదా నేను వచ్చేది. ఆడ తీగలకు నాటినారు చెట్లు."

"ఎప్పటి నుంచి?"

"ఉగాదికి ముందు నుంచి."

ఆమె దాచాలని చూడలేదు. ఇంతవరకు నేను అడగలేదు, అంతే.

"ఎందుకు పెట్టినావు?"

అప్పుడు చీపురు గోడకు ఆనించింది. "అది గోడకల్ల మొగం పెట్టుకొని పండుకొనింది డాక్టరప్పా. అట్ల పండుకొన్న జీవం ఇంక లేయదు. మా నాయన మందలో సూసినా. నువ్వు వచ్చి బరువు రాసుకొని పోతావు. దినామూ దాని మొగం సూసేది నేను."

"మిగతావాటికి పెట్టలేదే?"

"కొంగులో పట్టేది అంతే. ఇంకో కొమ్మ ఇరిస్తే తోటాయన కట్టె తీసుకుంటాడు."

"పరీక్ష చెడిపోతుందని తెలీదా నీకు?"

"పరీచ్చ అంటే ఏందో నాకెవురు చెప్పినారు? కుడి పక్కవాటికి మందుగడ్డి, ఎడమ పక్కవాటికి ఒట్టిగడ్డి అన్యారు. పెడతాండా. ఎడమ పక్కవి ఏం తప్పు చేసినాయో అనుకుంటాంటి."

నేను ఆ ఈనెను రిజిస్టరు పేజీల మధ్య పెట్టి మూశాను.

గణాంకాల్లో అవుట్‌లయర్ అనే మాట ఉంది. మిగతావాటికి దూరంగా నిలబడిన ఒక్క అంకె. సరైన కారణం ఉంటే దాన్ని తీసేయవచ్చు. కారణం రాయాలంటే మారెక్క పేరు రాయాలి. రాస్తే ఆమె జాబితాలో ఉండదు, క్షేత్రంలోనే ఉండదు. "నాలుగుకు జబ్బు చేసింది, తొలగించాం" అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. జూన్‌లో నా సెలవు అయిపోతుంది. ఆ ఒక్క వాక్యంతో థీసిస్ సకాలంలో ముగుస్తుంది. మూడు రోజులు ఆ వాక్యాన్ని మనసులో పెట్టుకుని తిరిగాను. రాయలేదు, కొట్టేయలేదు.

నాలుగో రోజు మా గైడ్ వచ్చారు. గైడ్ అంటే పరిశోధన నడిపించే ఆచార్యుడు. రంగనాథం గారు. నెలకొకసారి కళాశాల నుంచి బస్సులో వచ్చేవారు, చేతి సంచిలో ఒక తువ్వాలు, కాచిన నీళ్ల సీసా పెట్టుకుని. కృష్ణా జిల్లా మనిషి. తక్కువ మాట్లాడేవారు. నేను రాసిచ్చిన కాగితాల్లో విశేషణాలన్నీ ఎర్ర సిరాతో కొట్టేసేవారు. "బాగా పెరిగింది" అని రాస్తే "ఎంత?" అని పక్కన రాసేవారు. ఈ శ్రావణానికి ఆయన పోయి ఏడాది. ఇది రాస్తుంటే కూడా ఆ సిరా కనిపిస్తూనే ఉంది.

మేత గదిలో ఆయనకు అంతా చెప్పాను. ఆ అబద్ధపు వాక్యం గురించి కూడా. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఆమెను పిలువు" అన్నారు.

మారెక్క వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పని పోవచ్చని నేను ముందే హెచ్చరించాను కాబట్టి విషయం ఆమెకు తెలుసు. ఆయన అడగకముందే చెప్పింది.

"నన్ను తీసేస్తే తీసేయండి సామీ. దాన్ని మాత్రం మళ్లా ఒట్టిగడ్డికి పెట్టొద్దండి."

"తీసేసే సంగతి నేనేమీ అనలేదమ్మా. రోజూ ఎంత పెట్టావో చూపించు."

ఆమె తోటకు పోయి ఆకు తెచ్చింది. రెండు పిడికిళ్లు తీసి చూపింది. ఆయన దాన్ని చిన్న త్రాసులో వేయించారు. మళ్లీ తీయమన్నారు. మూడోసారి కూడా. నేను మూడు అంకెలూ రాశాను. మూడింటికీ తేడా చాలా తక్కువ. ఆయన ఆ కాగితాన్ని కొంతసేపు చూశారు.

"గడ్డి ఎంత మిగిల్చేది ఇది?"

"మొదాట్లో సగం మిగిలిచ్చేది. ఆకు తినబట్టినాక తొట్టి నాకుతాంది. రోంత పచ్చాకు కడుపులో పడితే గడ్డి మీద ఆశ పుడతాది సామీ. కరువులో మా నాయన ఇట్లే చేస్తాండె. ఆకు ముందర, గడ్డి ఎనక."

రంగనాథం గారు నా వైపు తిరిగారు. "విన్నావా?"

గొర్రె పెద్ద పొట్టను రూమెన్ అంటాం. గడ్డిలోని పీచును అరిగించేది గొర్రె కాదు, ఆ పొట్టలో ఉండే సూక్ష్మజీవులు. వాటికి నత్రజని అందకపోతే గడ్డి అక్కడే నిలిచిపోతుంది, జీవం మేత మానేస్తుంది. మేము యూరియా ఇచ్చింది దానికోసమే. అవిశ ఆకు అదే పని, ఇంకొంచెం నెమ్మదిగా, చేస్తోంది. నేను పుస్తకాల్లో ఇది చదివాను. కాలేజీ పరీక్ష పేపర్లో రాశాను కూడా. నా షెడ్డులో జరుగుతుంటే గుర్తుపట్టలేదు.

అప్పుడాయన చేసిన పని నాకు బాగా గుర్తుంది. గడ్డి బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని, మారెక్కను కూడా కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు, గోడకు ఆనుకుంది.

"ఎడమ పక్కవి ఏ తప్పూ చేయలేదమ్మా. అవి ఎంత తగ్గుతాయో చూపించకపోతే, కుడి పక్కవి మందుగడ్డి వల్ల నిలబడ్డాయని రైతు నమ్మడు. నమ్మకపోతే వాడి మందలో వందల జీవాలు అట్లాగే గోడవైపు తిరిగి పడుకుంటాయి. దానికోసం ఆరింటిని కొంతకాలం కష్టపెడుతున్నాం."

"ఈ మాట ముందే చెప్పింటే పెట్టకుండా ఉంటాంటినేమో." మళ్లీ తనే, "ఏమో, పెట్టేదాన్నేమో. అయితే నీకు చెప్పి పెడతాంటి" అంది, నావైపు చూస్తూ.

"నాకు కావలసింది అంతే" అన్నారు ఆయన.

ఆ మధ్యాహ్నం మేనేజరుకు తన చేత్తోనే ఒక కాగితం రాసిచ్చారు. పరీక్ష ఉద్దేశం పనివాళ్లకు చెప్పకపోవడం పర్యవేక్షకుడిగా తన పొరపాటని, ఒక పొట్టేలుకు అదనపు ఆకు అందింది అందువల్లేనని, పరీక్షను రద్దు చేసి మళ్లీ మొదలుపెడుతున్నామని, అందుకు ఇదే మనిషి కావాలని. నాలుగు వాక్యాలు. మేనేజరు రెండుసార్లు చదివాడు.

"మీరే ఇట్ల రాసిస్తే నేనేం చేసేది సార్? ఆయమ్మను ఏమన్నా అంటే మిమ్మల్ని అన్నట్టే కదా?"

"అవును" అన్నారు రంగనాథం గారు.

మేనేజరు నవ్వలేదు కాని కాగితాన్ని ఫైలులో పెట్టాడు. మారెక్క పేరు జాబితాలో ఉండిపోయింది. ఆ మరుసటి ఏడాది పర్మనెంట్ అయింది.

నాకు మాత్రం ఒక ఏడాది పోయింది. జూన్‌లో డిగ్రీ లేకుండానే ఉద్యోగానికి తిరిగి పోయాను. కుందుర్పి ఆసుపత్రిలో వేశారు. మరుసటి వేసవి ముందు, కూడబెట్టుకున్న సెలవు పెట్టి, అదే షెడ్డులో రెండో పరీక్ష మొదలుపెట్టాను. ఈసారి మూడు వరుసలు. ఒట్టి గడ్డి, యూరియా గడ్డి, అవిశ ఆకు ముందు పెట్టి గడ్డి. మొదటి రోజే రంగనాథం గారు పనివాళ్లందరినీ కూర్చోబెట్టి ఏ వరుస ఎందుకో చెప్పారు. ఒట్టి గడ్డి వరుసకు ఒక హద్దు పెట్టారు. బరువు ఆ హద్దు దాటి తగ్గిన జీవాన్ని వెంటనే తీసి బయట మేపాలి. తీయాలో వద్దో అనుమానం వస్తే మారెక్కను అడగాలి. ఆ చివరి మాట రిజిస్టర్లో రాయించారు.

రెండు జీవాలను అలా తీశాం. ఒకదాన్ని త్రాసు చెప్పకముందే ఆమె చెప్పింది. నేను రెండు రోజులు ఆగి చూశాను. ఆమె మాటే నిజమైంది. ఆ రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

ఆకు వరుస యూరియా వరుసకు దగ్గరగా వచ్చింది. మించలేదు. అది చాలు. పాలిథిన్ పట్టా, యూరియా, మూడు వారాల ఓపిక చిన్న రైతుకు కుదరవు. బావి గట్టున నాలుగు అవిశ చెట్లు కుదురుతాయి.

థీసిస్ కాపీ ఒకటి తీసుకుపోయి మారెక్కకు చూపించాను. కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ అక్షరాల మీద చేయి ఆనించి, "నాలుగో నంబరుది ల్యాదా?" అని అడిగింది. లేదన్నాను. "అదే కదప్పా తినింది" అంది.

కుందుర్పి చుట్టుపక్కల ఊళ్లలో కాపర్లకు ఈ సంగతి చెబుతూ తిరిగాను. ఒక ముసలాయన అంతా విని, "ఇది చెప్పేదానికి ఇంత సదువు సదివినావా సార్? మా తాత కూడా పెడతాండె" అన్నాడు. పెట్టేది నాకు తెలుసని, ఎంత పెడితే ఎంత గడ్డి తింటుందో తెలుసుకోవడానికి చదివానని చెప్పాను. ఆయన నవ్వి, "అయితే ఎంత పెట్టాల్నో చెప్పు" అన్నాడు. రెండు పిడికిళ్లు చూపించాను. తరవాతి వేసవికి వాళ్ల ఊరి బావుల దగ్గర అవిశ మొక్కలు కనిపించాయి. కొన్ని ఎండిపోయాయి. కొన్ని నిలబడ్డాయి.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది చాలావరకు పుస్తకాల నుంచే. ఇది మాత్రం ఆ షెడ్డులో నేర్చుకున్నాను. కొలిచే మనిషికి, మేపే మనిషికి తెలిసినవి వేరువేరు. మేపే మనిషికి మనం చెప్పకపోతే, ఆ మనిషి మనకు చెప్పడు. అప్పుడు రిజిస్టర్లోని అంకెలన్నీ సరిగ్గా ఉండి కూడా తప్పవుతాయి. రంగనాథం గారు దీన్ని ఎప్పుడూ ఇలా వాక్యంగా చెప్పలేదు. చేసి ఊరుకున్నారు.

ఆ తర్వాత ఆయన దగ్గర చదివినవాళ్లు, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు అదే పద్ధతి పట్టుకున్నారు. ఏ హద్దూ లేకుండా, మేపే మనిషికి చెప్పకుండా, ఒట్టి గడ్డి మీద జీవాన్ని నెలల తరబడి ఉంచే పరీక్ష ఆ క్షేత్రంలో ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.