కెమెరాకు కట్టిన గుమ్మడికాయ

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాక, రెండోసారి మొదటిసారి చదివింది గుర్తులేక. మూడోసారి కూర్చోబెడితే బెంచీకి అన్యాయం జరుగుతుందని మా నాయనే బడికి వచ్చి నన్ను పిల్చుకుపోయాడు. అంత చదువున్న నేను పోయిన ఏడాది ఒక కెమెరా కొని నిజం తేలుస్తానని బయల్దేరాను. తేల్చాను కూడా. అదే నా బాధ.

మాది పలమనేరు. పెండ్లిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు బాడుగకు ఇస్తాను. ఇంటి ముందు కాస్త ఖాళీ ఉంటే నా భార్య అందులో చామంతి వేసింది. ఆ చామంతిని చూసుకున్నట్టు నన్ను చూసుకుని ఉంటే ఈపాటికి నేనూ పూసేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే టీ తాగి వచ్చేసరికి ఇంటి ముందు కేకలు. గేటు బార్లా తెరిచి ఉంది. వీధిలో తిరిగే ఆవొకటి లోపలికి వచ్చి, ఒక సాలు చామంతి మొగ్గలతో సహా మేసి, తీరిగ్గా నెమరేస్తోంది. నాలుగు రోజులకు మళ్ళీ అదే కథ.

"గేటు ఎవురు తీసిపెట్టింది?" అంది నా భార్య, నన్నే చూస్తూ.

ఆ చూపు తప్పించుకోవడానికి నోటికి వచ్చిన మొదటి మనిషిని అనేశాను. "ఇంకెవురు, పాలాయనే. పాలు పోసేసి అట్నే పొయ్యుంటాడు."

"ఆయన తర్వాత నువ్వు టీకి పోతివి కదా. గేటు తెరిచుండేది చూడలేదా?"

"టీ తాగితే గదా నాకు కండ్లు తెరుచుకునేది."

పాలాయన పదేళ్ళుగా మాకు పాలు పోస్తున్నాడు. రెండు ఆవులున్న మనిషి. అవి మాట్లాడినంత కూడా ఆయన మాట్లాడడు. ఆ మాట ఇంట్లో అని ఊరుకుని ఉంటే సరిపోయేది. టీ అంగట్లో కూడా అన్నాను, కాస్త ఉప్పూకారం చల్లి. అది వీధంతా తిరిగి, గేట్లు తెరిచిపెట్టే మనిషి మనకెందుకని రెండిండ్లవాళ్ళు ఆయన దగ్గర పాలు మానేశారు.

మర్నాడు ఆయన పాల క్యాను కింద పెట్టి, నిమ్మళంగా అడిగాడు.

"అన్నా, నేను గేటు మూసే పోతాండా. మూయకుండా పొయ్యేది నువ్వు చూసినావా?"

"చూడాల్నా అప్పా? తెలీదా?"

"అట్లయితే శుక్రవారం కాణిపాకం పోదాం రా. తడిబట్టల్తో సామి ముందర నిలబడి, మూసినానని నేను ప్రమాణం చేస్తా. మూయలేదని నువ్వు చెయ్యి."

మా పక్క కాణిపాకం వినాయకుడి గుడిని మించిన కోర్టు లేదు. పోలీసుల ముందు గుక్క తిప్పుకోకుండా అబద్ధమాడేవాడు కూడా కాణిపాకం అనేసరికి నీళ్ళు నములుతాడు. నలుగురూ వింటున్నారని నేను "ఓ, పోదాం" అనేశాను గానీ, లోపలికి వచ్చి కూర్చున్నాక లెక్క వేసుకున్నాను. నేను కంటితో చూడలేదు కదా. చూడనిదాని మీద ఆ సామి ముందు ఒట్టేసి, తిరుగు బస్సు ఎక్కే ధైర్యం నాకుందా? శుక్రవారానికి ఇంకా ఆరు రోజులున్నాయి. ఈలోపల చూసెయ్యాలి. అందుకే కెమెరా.

కెమెరాలు బిగించే భాయ్ ఒకప్పుడు మా బజార్లో రేడియోలు బాగుచేసేవాడు.

"నాలుగు పెడదామన్నా. ఇల్లంతా కనపడతాది."

"ఇల్లంతా నేను చూసిందే భాయ్. గేటు ఒకటి చాలు."

"చీకట్లో కూడా రంగులు కనపడాల్నా, నలుపు తెలుపు చాల్నా?"

"వచ్చే ఆవే నలుపు తెలుపు. చాలు."

"మాటలు కూడా వినపడాల్నా?"

"వద్దు సామీ. మా ఇంట్లో మాటలు ఒకసారి వినేదే కష్టంగా ఉండాది."

భాయ్ నవ్వి, వరండా అంచున కెమెరా బిగించి, సెల్లులో ఎట్లా చూడాలో నేర్పించి పోయాడు. నేను గంగవరంలో ఒక పెండ్లికి సామాను దించి సాయంత్రం తిరిగొచ్చి, గర్వంగా సెల్లు తెరిచాను. తెర నిండా బూడిద పూసుకున్న బట్టతల లాంటిది ఒకటి. దాని మధ్యలో కుంకుమ బొట్టు.

"ఏమే, ఇదేంది?"

"గుమ్మడికాయ. దిష్టికి కట్టినా."

"కెమెరా ముందరా?"

"వీధిలో మొదటి కెమెరా మనదే. వచ్చేవాళ్ళు పొయ్యేవాళ్ళు అందురూ దాన్నే చూస్తాండారు. దిష్టి తగిలి కాలిపోతే?"

పూజ చేసి కట్టిన కాయ దానంతటది రాలిపోవాలే తప్ప విప్పకూడదంది. పోనీ కెమెరానే జరుపుదామని భాయ్‌కి ఫోన్ చేస్తే, మదనపల్లిలో పని ఉంది, శుక్రవారం తర్వాతే వస్తానన్నాడు. కాయ కింద కాస్త సందు మిగిలింది. అందులో గేటు అడుగుభాగం, మనుషుల మోకాళ్ళ కింది భాగం కనిపిస్తున్నాయి. చాల్లే, గేటు మూసిందీ లేనిదీ తెలియడానికి కాళ్ళు చాలవా అనుకున్నాను.

గురువారం పొద్దున మళ్ళీ గేటు తెరిచి ఉంది. ఇంకో సాలు పోయింది. చామంతి పోయినందుకు సంతోషించిన మగవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. సాయంత్రం పాలు తెచ్చిన ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, నా భార్యను కూడా పిలిచి, అందరం ఒకేసారి చూద్దామని సెల్లు తెరిచాను.

మొదట సైకిలు చక్రం వచ్చింది. పాలాయన కాళ్ళు లోపలికి వచ్చాయి, పోయాయి. గేటు అడుగు మెల్లగా కదిలి మూసుకుంది.

"ఈ పొద్దు మూసినాడు," అన్నాను. "కెమెరా ఉండాదని తెలుసు కదా."

కాసేపటికి ఇంటి వైపు నుంచి ఇంకో జత కాళ్ళు వచ్చాయి, పైన లుంగీ అంచు. గేటు తెరుచుకుంది. కాళ్ళు వీధిలోకి దిగి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయాయి.

"చూడండి, ఎవడో లోపల్నించే వస్తాండాడు. మూసే బుద్ధి ఉండాదా వానికి? గేట్లేని కొంపలో పెరిగినట్టుండాడు, దున్నపోతు."

తెరలో నాలుగు గిట్టలు, నాకన్నా మర్యాదగా, లోపలికి నడిచాయి.

"ఏమయ్యా," అంది నా భార్య, "వాని ఎడమ చెప్పుకు పిన్నీసు ఎవురు పెట్టినారు?"

తెగిన వారుకు పోయిన వారం పిన్నీసు పెట్టిచ్చింది తనే. నేను తల వంచి నా కాళ్ళ వైపు చూసుకున్నాను. పిన్నీసు ఆడనే ఉంది.

"తప్పయింది అప్పా," అన్నాను. "రేపు కాణిపాకంలో నీ ముందరే గుంజిళ్ళు తీస్తా."

"నాకొద్దులే అన్నా. ఆ రెండిండ్లకూ ఈ బొమ్మ చూపించు, చాలు."

ఆయన్ని వెంటబెట్టుకుని పోయి చూపించాను. మొదటి ఇంట్లో పెద్దామె కండ్లద్దాలు తెప్పించుకుని, రెండుసార్లు వేయించుకుని మరీ నా కాళ్ళను చూసింది. మర్నాటి నుంచి పాలు పొయ్యమంది. రెండో ఇంట్లోవాళ్ళు పిన్నీసును దగ్గరగా చూడాలన్నారు. చెప్పు విడిచి చూపించాను. వాళ్ళూ సరేనన్నారు.

ఇద్దరం తిరిగి మా గేటు దాకా వచ్చాం. నోరు మూసుకుని నడవడం నాకు చేతకాదు. "ఏమన్నా చెప్పప్పా, ఆ గుమ్మడికాయ అడ్డం లేకపోయింటే ఇంకా బాగా తేలుండును," అన్నాను.

ఆయన క్యాను సైకిలుకు తగిలించి, తాడు బిగించి, అప్పుడు నా వైపు చూశాడు.

"అది అడ్డముండబట్టే తేలిందిలే అన్నా. నీ మొగం కనపడింటే, అది ఏదో ఒక అబద్ధం చెప్పుండును."