ఆయుధపూజ తర్వాత రాని మెసేజ్

బెంగళూరు మహదేవపురలో ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే పని నాది. టీకాల ఫ్రిజ్‌లో చలి తగ్గితే డ్యూటీ నర్సు ఫోనుకు మెసేజ్ పంపే సర్వీసు ఒకటి సర్వర్‌లో ఉండేది. తెర మీద కనిపించకుండా వెనకాల నడిచే ప్రోగ్రాము అది.

ఆయుధపూజకు సర్వర్‌ను కూడా ఆపి, తుడిచి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి మళ్ళీ ఆన్ చేశాం. ఆ సెలవుల్లోనే ఫ్రిజ్ చెడిపోయింది. టీకాలన్నీ పాడయ్యాయి. మెసేజ్ వచ్చినా పట్టించుకోలేదని, ఆ రోజు డ్యూటీలో ఉన్న ఒంగోలు వైపు నర్సు మీద పడ్డారు. ఆమె ఉండే గది ఆసుపత్రిదే. ఉద్యోగం పోతే అదీ పోతుంది.

"ఒక్క మెసేజ్ వచ్చుంటే ఒట్టు, నువ్వే చూడన్నా," అని ఫోను నా చేతికిచ్చింది. "చర్చిలో కూడా సైలెంట్‌లో పెట్టను. పాస్టరుగారితో తిట్లు కూడా తిన్నాను."

సర్వర్ చూస్తే సర్వీసు నడుస్తున్నట్టే ఉంది. నేను కంప్యూటర్లు కాలేజీలో నేర్చుకోలేదు. ప్రభుత్వ గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర, అట్ట ఊడిన లావుపాటి పుస్తకంతో నేర్చుకున్నాను. అందులో చదివిందే ఇప్పుడు తట్టింది. మనం లాగిన్ అయినప్పుడు ఉండే సెట్టింగులు, యంత్రం తనంతట తాను మొదలుపెట్టే సర్వీసులకు అందవు.

నర్సు నంబరును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టారు. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు దాన్ని బయటి నుంచి తీసుకుంటుంది. కాంట్రాక్టు ఇంజనీరు దాన్ని తన లాగిన్‌లో మాత్రమే పెట్టి, సర్వీసును చేత్తో మొదలుపెట్టి, పరీక్షించి వెళ్ళిపోయాడు. పూజ దాకా యంత్రాన్ని ఎవరూ ఆపలేదు కాబట్టి పనిచేసింది. పూజయ్యాక సర్వీసు దానంతటదే లేచింది. నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

పొంగిపోతూ మేనేజర్ గదికి వెళ్ళాను. ఆయన తాతల కాలం నుంచీ బెంగళూరువాడే.

"ఏమప్పా లైబ్రరీ పండితా, సర్వీసు రన్నింగ్ అనే ఉండాది గదా?"

"రన్నింగే సార్. ఎవరికి పంపాలో దానికి తెలీదు."

సర్వర్‌ను ఆపి, ఆన్ చేసి చూపించాను. ఆయనకు అర్థమైంది. లేచి తలుపు మూశాడు.

"సుమ్నే ఉండప్పా, నోరు మెదపొద్దు. మన మిషనే సరిగా లేదని తెలిస్తే ఆస్పత్రి లైసెన్సుకే ముప్పు వస్తాది. నర్సు పోతే ఇంకో నర్సు వస్తాది."

"మరి ఆమె సంగతి?"

"అత్తిబెలె పక్క ఆస్పత్రులు లేవా? యాడో ఒకచోట దొరకతాది లే."

పై వాళ్ళకు అంతా వివరించి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఆ వారాంతంలో ఆమె గేటు దగ్గర సూట్‌కేసు మీద కూర్చుని ఆటో కోసం చూస్తోంది.

"తప్పు నాది కాదని కనుక్కున్నావంట కదన్నా?"

"అవునమ్మా."

"వాళ్ళకీ తెలుసా?"

తెలుసన్నాను. ఆటో రాగానే ఆమె సూట్‌కేసు తానే ఎత్తి లోపల పెట్టుకుంది.

సోమవారం ఆ వేరియబుల్‌ను సర్వీసు సొంత ఫైల్లోనే రాశాను. ఇక ఎన్నిసార్లు ఆపినా పోదు. మేనేజర్ ఇచ్చిన కొత్త నంబరు వేసి, సర్వర్ ఆపి, ఆన్ చేసి, ఒక పరీక్ష మెసేజ్ పంపాను. పై అంతస్తులో కొత్త నర్సు ఫోను వెంటనే మోగింది.