కుందేలు పిల్లలకు మేలురకం దూది

ఒంటినిండా బొచ్చుండే అంగోరా కుందేళ్లను ఆదోనిలో పెంచుతానంటే మా అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఈడ మనుసులకే ఊపిరాడక సస్తాంటే, కంబళి కప్పుకున్న జీవాలను తెస్తావా?" అంది. ఆమె వద్దంది కాబట్టే తెచ్చాను. అప్పటికే మా ఇద్దరికీ మాటలు అంతంతమాత్రం.

దానికి కారణం ఒక పాత చీర. నాకు కూతురు పుట్టినప్పుడు మా అమ్మ తెచ్చిన కొత్త బట్టలు పక్కన పెట్టి, అత్త తన చీర ముక్కలో బిడ్డను చుట్టింది. పురిటిబిడ్డకు పాతబట్టే చుడతారని నాకూ తెలుసు. కానీ అది మరీ వెలిసిపోయి, ఒక మూల కుట్లతో ఉంది. నా బిడ్డంటే అంత చులకనా అని మనసులో పెట్టుకున్నాను. ఆరేళ్లయినా మరిచిపోలేదు.

బెంగళూరు నుంచి తెచ్చిన కుందేళ్ల జంటను వెనక వరండాలో ఉంచి, ఎండాకాలమంతా తడి గోనెపట్టాలు కట్టి కాపాడాను. చలికాలంలో ఆడది ఐదు పిల్లలను పెట్టింది. ఈనే ముందు తన పొట్టమీది బొచ్చు తానే పీక్కుని నేనుంచిన చెక్కపెట్టెలో పరుచుకుంది. ఆ మెత్తదనం చూసి నాకు ఆశ పుట్టింది. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా చిన్నమ్మ, బొచ్చు తెస్తే వడికి చూస్తానని ఎప్పటినుంచో అంటోంది. పిల్లలకేం తక్కువ, పత్తికి పుట్టిల్లు మా ఊరు! జిన్నింగు మిల్లులో పనిచేసే మా ఆయనతో మేలురకం దూది తెప్పించి పెట్టెనిండా కూరాను. బొచ్చంతా ఏరి కవర్లో దాచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడోరోజు పొద్దున చూస్తే ఒక పిల్ల చచ్చిపోయి ఉంది. దూది పోగు మెడకు బిగుసుకుపోయింది. ఇంకోదాని వెనకకాలు నల్లబడుతోంది. నాకు చేతులాడలేదు, అక్కడే కూలబడి ఏడ్చాను. అత్త కత్తెర తెచ్చి, పిల్లను అరచేతిలో పెట్టుకుని పోగులు ఒక్కొక్కటే తెంచింది.

"దాని బొచ్చు యాడ పెట్టినావు?"

"కవర్లో."

"తేపో. తల్లి పరిసిన పక్క తీసేసి కొత్త దూది ఏసినావా? కొత్తది సుట్టుకుంటాది, గుచ్చుకుంటాది. సెప్పేవాళ్లు లేరా నీకు?"

చెప్పే మనిషి ఇంట్లోనే ఉంది. అడగనిది నేను.

ఆ కాలు నల్లబడ్డ పిల్ల బతికింది గానీ ఇప్పటికీ కుంటుతుంది. మిగతా మూడింటికీ ఏమీ కాలేదు.

ఆ పొద్దున నేను కవరు తెచ్చేసరికి అత్త ట్రంకుపెట్టె తెరిచి ఒక గుడ్డ తీసింది. చూడగానే గుర్తుపట్టాను. వెలిసిన రంగు, మూలన కుట్లు.

"నీ మొగుణ్ణి సుట్టింది ఇదే, నీ బిడ్డను సుట్టిందీ ఇదే. ఇంతకన్నా మెత్తటి గుడ్డ మనింట్లో లేదు," అంటూ కుందేళ్ల పెట్టె అడుగున పరచడానికి చింపబోయింది. నీకింకో బిడ్డ పుడితే కావాలని దాచినా, అని కూడా అంది, నా వైపు చూడకుండా.

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"సగం ఉంచు, అత్తా," అన్నాను.

ఆరేళ్లలో ఆమెను నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.