నీలమ్మకు పైపు తీసిన రోజు

ఉస్మాన్‌గంజ్‌లో మేము కూలికి పోయే దుకాణానికి నీలమ్మ వచ్చి కూర్చుందంటే ఇక మరొకరికి మాట్లాడే సందు దొరకదు. ఎండుమిరపకాయల ముచ్చికలు తీసే పని మాది. చుట్టూ బస్తాలు, మధ్యలో ఆడవాళ్ళం, మా నడుమ మిర్చి కుప్ప. ఆమెకు చేతులూ ఆగవు, నోరూ ఆగదు. సేటును ఆయన ముందే వెక్కిరించేది, ఆయన నవ్వుకుంటూ పోయేవాడు. అదే మాట నేనంటే మాత్రం కూలి కోస్తానని లొల్లి పెట్టేవాడు. నేనేం పాపం చేశానో, ఆమె ఏం పుణ్యం చేసిందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వస్తుంది కానీ అర్థమవుతుంది. ఆసుపత్రిలో ఉండగా మూత్రం రావడం ఆగిపోయిందని పైపు వేశారు, దానితోనే ఇంటికి పంపారు. గౌలిపురాలో వాళ్ళది ఒకే గది. తలుపు తీస్తే మంచం, మంచం కోడుకు వేలాడుతూ మూత్రం సంచి. పలకరించడానికి వచ్చినవాళ్ళ కళ్ళు ముందు దాని మీదికే పోయేవి. నీలమ్మ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. ఎవరొచ్చినా మాట్లాడదు.

"గీ పైపు తీపియ్యి ఆండాలూ" అంది నాతో ఒకరోజు. "అది పోతె గడపల కూసుంట. అది ఉన్నన్ని దినాలు నన్ను ఎవ్వలకు సూపియ్యకుర్రి."

ఆమె అడిగింది అదొక్కటే. తిండి అడగలేదు, మందు అడగలేదు. ఆమె మొగుడు రాజన్న మా గంజ్‌లోనే బస్తాలు మోసే హమాలీ. ఆసుపత్రికి పోయి డాక్టర్ల కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఇంటికి నర్సు వస్తుంది, ఆమె చూసి చెబుతుంది అన్నారు.

వచ్చిన నర్సు పేరు ప్రీతి. పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళకు తిరిగి చూసుకోవడం ఆమె పని. మొదటి రోజు ఆ పిల్ల నాకసలు నచ్చలేదు. అన్నీ ప్రశ్నలే! నీళ్ళెన్ని తాగుతుంది, జ్వరం వచ్చిందా, దొడ్డికి సాఫీగా అవుతుందా, మంచం మీద నుంచి ఎవరు లేపుతారు, లెట్రిన్ ఎంత దూరం, అక్కడ కూర్చోగలదా.

"పైపు తియ్యమంటె పంచాంగం సదువుతున్నవేంది బిడ్డా?" అన్నాను.

"తీసినంక ఏమైతదో ముందుగాల తెలవాలె కదా ఆంటీ" అంది. కోపం తెచ్చుకోలేదు. నాకే ఇంకా ఒళ్ళు మండింది.

తర్వాత ఇంకోటి అడిగింది. "పక్షవాతం రాకముందు దినాం ఎన్నిసార్లు ఒంటికి పోయేది?"

రాజన్న పైకప్పు వంక చూశాడు. "ఆడోళ్ళ ముచ్చట నాకేం ఎరుక బిడ్డా" అన్నాడు.

నేను అందుకున్నాను. గొప్పగానే చెప్పాను కూడా. పొద్దున బయలుదేరేముందు ఒకసారి, రాత్రి ఇల్లు చేరాక ఒకసారి. నడుమ లేదు. దుకాణంలో ఆడవాళ్ళకు జాగా లేదు. మగవాళ్ళయితే గోడ కనబడితే చాలు నిలబడతారు, మేమెక్కడికి పోతాం? ఎక్కడైనా చాటు దొరికినా, మిర్చి పట్టిన చేతులాయె. ఎంత కడిగినా ఆ ఘాటు వదలదు. కొత్తగా పనికొచ్చిన పిల్లలెవరైనా తెలియక ఒంటికి పోయి వచ్చారంటే మంటకు ఏడుస్తూ కూర్చునేవారు. వాళ్ళకు నేర్పేది నీలమ్మే. పొద్దున చాయ్ తాగొద్దు, నీళ్ళు గొంతు తడిసేంతే తాగాలి, ఒంటికి వచ్చినట్టయితే పళ్ళు బిగబట్టి కూర్చుంటే కాసేపటికి అదే పోతుంది.

"మస్తు ఓపిక మా నీలమ్మకు" అన్నాను. "పెండ్లయి పనిల చేరినప్పటి సంది గట్లనే."

ప్రీతి రాయడం ఆపేసి నీలమ్మ వంక చూసింది. అన్నేళ్ళు ఆపుకుంటే కడుపులో ఉండే మూత్రాశయం సాగిపోయి బలం తగ్గవచ్చునట. దాని మీద ఇప్పుడు పక్షవాతం. "ఏది దేనివల్లనో నేను చెప్పలేను ఆంటీ. తీసి చూద్దాం. సాయంత్రం వరకు మూత్రం దానంతట అదే వస్తే సంతోషం. రాకపోతే మళ్ళా పెట్టాలె." నాకు నోటి మీద కొట్టినట్టయింది. ఓపిక అని మెచ్చుకున్నది నేనే కదా.

మరుసటి వారం ప్రీతి పొద్దున్నే వచ్చి పైపు తీసింది. నేను పని మానుకుని కూర్చున్నాను. నీలమ్మ గొంతుక్కూర్చోలేదు కాబట్టి రాజన్న ప్లాస్టిక్ కుర్చీకి నడుమ కోసి బొక్క చేసి, కింద బకెట్ పెట్టాడు. నేను తల దువ్వి బొట్టు పెట్టాను.

"పెండ్లినాడు గూడ నన్ను గింత సింగారియ్యలే" అంది నీలమ్మ. ఎన్ని రోజులకు ఆ నోట పరాచికం విన్నానో! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాజన్నకైతే పట్టలేని సంబరం. ఇంకో కుర్చీ తెచ్చి గడపలో ముందే వేసి పెట్టాడు, సాయంత్రం ఆమెను కూర్చోబెట్టడానికి.

నీళ్ళు తాగించాము. కుళాయి తిప్పి ఆ చప్పుడు వినిపించాను. కాళ్ళ మీద గోరువెచ్చని నీళ్ళు పోశాను. పసిపిల్లలకు చేసినట్టు "స్‌స్‌స్" అన్నాను. నీలమ్మ పకపకా నవ్వింది. మగమనిషి ఇంట్లో ఉంటే రాదేమోనని రాజన్నను సందు చివరికి తరిమాను. మధ్యాహ్నం దాటాక ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది.

"సిగ్గయితుందానే? నేను గూడ బయటికి పోవాల్నా?"

"సిగ్గు కాదే. ఎట్ల పోసుకోవాల్నో సమజైతలేదు" అంది. ఆ ముఖం చూడలేకపోయాను. "బిగవట్టుడు వస్తది గని, ఇడుసుడు వస్తలేదు ఆండాలూ."

ఒకసారి నాలుగు చుక్కలు పడ్డాయి. నేను పెట్టిన కేకకు రాజన్న సందు చివర నుంచి పరుగెత్తుకొచ్చాడు. బకెట్ అడుగు కూడా సరిగా తడవలేదు. అందులోకి తొంగి చూసి మళ్ళీ సందు చివరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ప్రీతి వచ్చి పొత్తికడుపు నొక్కి చూసింది. రాయిలా ఉంది. అంత నిండినా నీలమ్మకు తెలియడం లేదు.

"ఇంకొక్క గంట ఆగు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత" అన్నాను.

"ఇంక ఆగితే కిడ్నీలు ఖరాబైతయి ఆంటీ."

"నీకేం పోయింది! నువ్వు పెట్టి పోతవు, మేము చూస్తా ఉండాలె!" అని అరిచాను. ఆ పిల్ల తప్పేముంది ఇందులో? తెలుసు. ఎవరిని తిట్టాలో తెలియక దొరికినదాన్ని తిట్టాను. ప్రీతి తల వంచుకుని చేతులు కడుక్కొచ్చి పైపు పెట్టింది. చూస్తుండగానే సంచి నిండిపోయింది. నీలమ్మ మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది.

కొన్ని వారాలకు మళ్ళీ తీసి చూద్దామని, అప్పుడైనా వస్తుందని మాట ఇవ్వలేనని చెప్పి ప్రీతి వెళ్ళింది. రాజన్న గడపలో వేసిన కుర్చీ తీసి గోడకు ఆనించాడు. తర్వాత దాని పక్కనే నేల మీద కూలబడ్డాడు.

నేను పోతానని లేచాను. నీలమ్మ ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దటి సంది గీన్నే ఉన్నవ్. ఒంటికి పోయినవా?"

పోలేదు. పోవాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. "ఇంటికి పోయి పోత తియ్" అన్నాను.

"గిట్లనే అనుకుంట వచ్చినం మనమందరం." పట్టు ఇంకా బిగించింది. "ఇగ ఆపుకోకు. నా మీద ఒట్టు."

"రేపు దుకాణంల యాడికి పోవాలె నీలమ్మా?"

  నీలమ్మ నా చెయ్యి వదిలేసింది.